కిమ్చీ వచ్చు, కొరివి కారం రాదు

2024 డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం. కొండాపూర్‌లో మా ఫ్లాట్ వంటగది. నేల మీద పాత పేపర్లు పరిచి, పెద్ద స్టీలు బేసిన్‌లో ఉప్పుకి మగ్గి మెత్తబడ్డ రెండు చైనీస్ క్యాబేజీలు పెట్టుకుని కూర్చున్నా. చేతులకి గ్లవుజులు. మోచేతుల దాకా ఎర్రటి కారం. సరిగ్గా అప్పుడే అమ్మ వీడియో కాల్. ముక్కుతో ఎత్తాను. మాట వరసకి అనడం కాదు, నిజంగానే ముక్కుతో.

“ఏందిరా ఆ అవతారం? క్యాబేజీకి కారం పూస్తన్నావా?”

“కిమ్చీ అమ్మా. కొరియా వాళ్ల పచ్చడి.”

“నూనె పొయ్యవా?”

“పొయ్యరమ్మా.”

“మరి బూజు పట్టదూ?”

ఇక నాలోని ఇంజినీరు నిద్ర లేచాడు. ఉప్పు ముందుగా ఆకులోని నీళ్లని ఎలా లాగేస్తుందో చెప్పా. చెడగొట్టే సూక్ష్మజీవులు ఆ ఉప్పుకి తగ్గిపోయి, లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా ఎలా పెరుగుతుందో చెప్పా. ముక్కలు రసంలో మునిగి ఉంటే గాలి తగలదు కాబట్టి బూజు రాదని చెప్పా. ఎన్ని గ్రాముల క్యాబేజీకి ఎన్ని గ్రాముల ఉప్పో కూడా చెప్పా. అమ్మ అంతా శ్రద్ధగా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

“బానే నేర్చుకున్నావు నాన్నా. మరి మన కొరివి కారం పెట్టటం వచ్చా?”

“నెట్ సరిగా రావట్లేదమ్మా” అన్నా.

నెట్ బ్రహ్మాండంగా ఉంది.

కొరివి కారం అంటే ఏమిటో మా గుంటూరు, ప్రకాశం వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తున్నా. జనవరి, ఫిబ్రవరిలో చేలో మిరపకాయలు పండి ఎర్రబడతాయి. అవి ఎండకముందే, పచ్చిదనం ఉండగానే కోసి, కల్లుప్పు, చింతపండు, పసుపు వేసి తొక్కి జాడీకి ఎత్తుతారు. మూడో రోజు తీసి మళ్లీ రుబ్బుతారు. కావాల్సినప్పుడల్లా కొంచెం తీసుకుని వెల్లుల్లి, మెంతిపిండి వేసి తాలింపు పెట్టుకోవడమే. పండుమిర్చి పచ్చడి అని కూడా అంటారు. కొరివి అంటే మండుతున్న కట్టె. పేరు పెట్టినవాళ్లు అబద్ధం చెప్పలేదు.

మాది పర్చూరు దగ్గర పల్లెటూరు. 2022లో జిల్లాలు మార్చాక బాపట్ల జిల్లాలోకి వెళ్లింది కానీ, మా నాన్న ఇప్పటికీ ఎవరడిగినా ప్రకాశం జిల్లా అనే చెప్తాడు. నల్లరేగడి నేల. పత్తి, మిర్చి. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి కిమ్చీ వచ్చు, కొరివి కారం రాదు. ఎలా జరిగింది ఇది?

నా విషయంలో ఇది ఫోన్‌లోనే మొదలైంది. మీలో చాలామందికీ అంతే అయ్యుంటుంది. 2020 లాక్‌డౌన్‌లో ఊరికి వచ్చేశా. ఇంట్లో సిగ్నల్ ఉండదు కాబట్టి లాప్‌టాప్‌తో సహా డాబా మీదే కాపురం. పగలు ఆఫీసు కాల్స్, రాత్రి ‘క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ’. కింద నుంచి అమ్మ అన్నానికి పిలుస్తుంటే, పైన నేను కొరియా వాళ్లు నూడుల్స్ తినడం చూస్తూ గుటకలు మింగేవాడిని. ఆ తర్వాత ‘మిడ్‌నైట్ డైనర్’ అనే జపాన్ సిరీస్ దొరికింది. టోక్యోలో అర్ధరాత్రి పన్నెండు నుంచి ఉదయం ఏడు దాకా తెరిచి ఉండే చిన్న హోటల్. వచ్చినవాళ్లు అడిగింది చేతనైతే చేసి పెడతాడు ఓనరు. ఒక్కొక్కరిదీ ఒక్కో వంటకం, దాని వెనక ఒక్కో జ్ఞాపకం. ముగ్గురు స్నేహితురాళ్లు వచ్చి ఎప్పుడూ ఓచాజుకే అడుగుతారు. అన్నం మీద వేడి టీ పోసి, పైన ఊరగాయో చేప ముక్కో పెట్టి ఇచ్చేది. అది చూసి “అన్నంలో టీ ఏంట్రా బాబూ” అని నవ్వుకున్నా. మరి గంజన్నంలో ఉల్లిపాయ నంజుకుని పెరిగిన నాకు ఆ నవ్వే హక్కు ఎక్కడిది?

ఆ ఊరగాయ పేరు ఉమెబోషి. ఉమె అనే పుల్లటి కాయల్ని ఉప్పులో ఊరేసి, వేసవి ఎండలో మూడు రోజులు ఆరబెడతారు. దాన్ని అన్నం ముద్ద మధ్యలో పెట్టి, సముద్రపు నాచు పలచటి రేకుతో చుడితే ఒనిగిరి. పిల్లల బాక్సుల్లో, రైలు ప్రయాణాల్లో అక్కడ అదే తిండి. హైదరాబాద్‌లో మొదటిసారి ఒనిగిరి తిన్నప్పుడు, లోపలి పులుపూ ఉప్పూ నాలిక్కి తగలగానే నాకు మా నానమ్మ గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో ఆమె పెద్ద పళ్లెంలో ఆవకాయ అన్నం కలిపి, చుట్టూ మనవల్ని కూర్చోబెట్టుకుని తలా ఒక ముద్ద చేతిలో పెట్టేది. ముద్ద మధ్యలో మాగాయ ముక్క దాచేది. ఎవరికి ముక్క వచ్చిందో వాడు నోరు తెరిచి చూపించాలి. నాచు రేకు ఒక్కటే తక్కువ.

సరే, ఇప్పుడు ఒక సిగ్గుపడే సంగతి.

2018లో చదువు అవగానే ఉద్యోగంలో చేరా. చేరిన కొత్తలో అమ్మ గోంగూరలో ఎండురొయ్యలు వేసి కూర చేసి పంపింది. రొయ్యలు చీరాల ఓడరేవు నుంచి తెచ్చినవి. మధ్యాహ్నం ఆఫీసులో ఒవెన్‌లో వేడి చేశా. రెండు నిమిషాల్లో ఫ్లోరంతా వాసన. ఎవరూ తిట్టలేదు. ఒకాయన ముక్కు మూసుకుని నవ్వాడు, ఇంకొకరు కిటికీ వైపు చూశారు. సాయంత్రానికి గ్రూపులో ‘ఘాటు వాసన వచ్చే పదార్థాలు దయచేసి తేవొద్దు’ అని మెసేజ్. పేరు పెట్టలేదు. పెట్టక్కర్లేదు కదా. ఆ రోజు నుంచి నా బాక్సులో పెరుగన్నం, ఆలూ వేపుడు. అమ్మ ఫోన్‌లో “కూర ఎట్టా ఉంది?” అంటే, “అందరూ లొట్టలేసుకుని తిన్నారు” అని చెప్పా.

నాలుగేళ్ల తర్వాత ఇంకో కంపెనీలో ఉండగా టీమ్ లంచ్‌కి కొరియన్ రెస్టారెంట్‌కి వెళ్లాం. పొగలు కక్కుతూ సూప్ వచ్చింది. ఎండు నెత్తళ్లు మరిగించి తీసిన నీళ్లతో చేస్తారట. పక్కన కిమ్చీ. అందులో ఉప్పులో ఊరబెట్టిన చిన్న రొయ్యలు వేస్తారట. వడ్డించే అబ్బాయి గొప్పగా చెప్తుంటే టేబుల్ చుట్టూ ‘వావ్’లు. అందరూ ఫోటోలు తీసుకున్నారు. నేనూ తీసుకున్నా. తీసుకుంటుండగా ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ఇది అదే వాసన. ఎండురొయ్య అక్కడ పుట్టినా ఓడరేవులో పుట్టినా ఎండురొయ్యే. అక్కడి వాసనకి పరిచయం చేసేవాళ్లున్నారు. మన వాసనకి మనమే మూత పెట్టాం. ఆ ఆఫీసువాళ్ల మీద నాకిప్పుడు కోపం లేదు. ఒక్క మెసేజ్‌కే మూత బిగించేసుకున్న నా మీదే కొంచెం ఉంది.

కారం విషయంలో మాత్రం మనవాళ్లు ఎక్కడా తగ్గరు. ‘బుల్డక్’ నూడుల్స్ తెలుసుగా? 2012లో వచ్చాయి. వాటితోనే ఇంటర్నెట్‌లో ఫైర్ నూడుల్స్ ఛాలెంజ్ నడిచింది. 2024 జూన్‌లో డెన్మార్క్ ప్రభుత్వం వాటిలో మూడు రకాలు మరీ కారంగా ఉన్నాయి, జనం ఆరోగ్యానికి ప్రమాదమని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోమంది. ఆ తర్వాతి నెలలోనే రెండింటికి మళ్లీ అనుమతి ఇచ్చింది. ఆ వార్త మా స్కూలు ఫ్రెండ్స్ గ్రూపులో పడ్డ రోజు పడిన ఎమోజీలు లెక్కపెట్టలేం. మామూలు బుల్డక్ ఘాటు స్కోవిల్ లెక్కలో సుమారు 4,400. గుంటూరు సన్నం మిరపకాయది 35,000 నుంచి 40,000. ఒకటి వండిన నూడుల్స్, ఇంకొకటి ఉత్త కాయ కాబట్టి ఇది సరైన పోలిక కాదు, ఒప్పుకుంటా. అయినా మాకు గర్వం గర్వమే. ఇంత చెప్పి, ఆఫీసులో ఛాలెంజ్‌కి కూర్చుని మూడో చెంచాకే కళ్లనీళ్లు పెట్టుకుంది ఎవరో అడక్కండి. మన కారం అన్నంలో, నెయ్యిలో, పప్పులో కలిసి వస్తుంది. అది తీపిని ముందు పంపించి వెనక నుంచి కొడుతుంది.

అసలు మిరప మనదీ కాదు, వాళ్లదీ కాదు. దక్షిణ అమెరికా, మెక్సికో వైపు పుట్టిన మొక్క. 1498లో వాస్కోడగామా వచ్చిన తర్వాత పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి చేరింది. అంతకుముందు మనకి ఘాటంటే మిరియమే. కొరియాకి పదహారో శతాబ్దం చివర్లో, జపాన్ సైన్యం 1592లో దండెత్తిన కాలంలో చేరిందని ఎక్కువమంది చెప్తారు. అంతకుముందు కిమ్చీ తెల్లగానే ఉండేది. జపాన్ మాత్రం ఈ కాయని పెద్దగా నెత్తికెత్తుకోలేదు, ఏడు దినుసుల పొడిలో ఒకటిగా కలిపి నూడుల్స్ మీద చిటికెడు చల్లుకుంది. కొరియావాళ్లూ మనమూ మాత్రం పీకల్లోతు మునిగాం. నాలుగైదు వందల ఏళ్లలో, ఒకళ్లనొకళ్లు చూసుకోకుండానే, రెండు చోట్లా అమ్మలు ఎర్రటి చేతులతో జాడీల ముందు కూర్చున్నారు.

‘చేతులు’ అన్నాను కదా, ఆ మాట నాకు దొరికింది పెనుకొండలో.

2017లో ఒప్పందం కుదిరి, 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక పెనుకొండ చుట్టుపక్కల కొరియన్ గెస్ట్‌హౌస్‌లు, హోటళ్లు వెలిశాయి. హైదరాబాద్ నుంచి బెంగళూరు హైవే మీద వెళ్తుంటే రాయలసీమ ఎర్రమట్టి మధ్యలో కొరియా అక్షరాల బోర్డులు కనిపిస్తాయి. మా బీటెక్ క్లాస్‌మేట్ ఒకడు ఆ ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసే కంపెనీలో పని చేస్తున్నాడు. ఒకసారి బెంగళూరు వెళ్తూ వాడి దగ్గర ఆగితే, వాళ్ల కొరియన్ పెద్దాయనతో కలిసి భోజనానికి తీసుకెళ్లాడు. కిమ్చీ వేసి మరిగించిన జిగే అనే పులుసు, అన్నం. ఆయనకి వచ్చిన ఇంగ్లీషు, నాకు వచ్చిన కె-డ్రామా కొరియన్ కలిపి మాట్లాడుకున్నాం. పులుసు బాగుందా అని అడిగా. బాగుంది కానీ మా అమ్మది కాదు అన్నాడు. తర్వాత తన అరచెయ్యి చూపించి “సొన్‌మత్” అన్నాడు. సొన్ అంటే చెయ్యి, మత్ అంటే రుచి. చేతి రుచి. మనవాళ్లు “ఆమె చేతిలో ఏదో ఉందిరా” అంటారే, సరిగ్గా అదే.

ఇంటికి దూరమైన మనిషి చేసే మొదటి పని ఆ చేతి రుచి వెతుక్కోవడమేనేమో. మన స్వాతంత్య్ర పోరాట యోధుడు రాస్ బిహారీ బోస్ 1915లో బ్రిటిష్ వాళ్ల నుంచి తప్పించుకుని జపాన్ చేరాడు. టోక్యోలో నకమురాయా అనే బేకరీ నడిపే కుటుంబం ఆయన్ని దాచింది. వాళ్ల అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. జపాన్‌లో అప్పటికే కర్రీ ఉంది, కానీ అది ఇంగ్లండ్ మీదుగా వెళ్లిన, పిండి కలిపిన చిక్కటి కర్రీ. అది మా కూర కాదు అనుకున్నాడు బోస్. 1927లో ఆ దుకాణంలో భారతీయ పద్ధతి చికెన్ కర్రీ మొదలైంది. నకమురాయా పేరుతో ఆ కర్రీ ఇప్పటికీ అక్కడ దొరుకుతుంది.

ఆయనకి తన ఇంటి కూర ఎలా ఉండాలో తెలుసు కాబట్టి ఇంకో దేశంలో నిలబెట్టగలిగాడు. నేను మా ఊరికి ఆరు గంటల దూరంలో ఉండి కూడా, మా ఇంటి పచ్చడిలో చింతపండు ఎంతో చెప్పలేను.

ఇదే ఆలోచిస్తూ కిమ్చీ గురించి చదువుతుంటే ఒక సంగతి తగిలింది. 2013లో యునెస్కో కొరియాకి ఇచ్చిన గుర్తింపు కిమ్చీ అనే వంటకానికి కాదు. ‘కిమ్‌జాంగ్’కి. అంటే చలికాలం ముందు ఇంటివాళ్లూ ఇరుగుపొరుగూ కూర్చుని కిమ్చీ పెట్టుకుని, పంచుకునే పద్ధతికి. జాడీలో ఉన్నదానికి కాదు, జాడీ చుట్టూ కూర్చున్నవాళ్లకి.

వెంటనే అమ్మకి ఫోన్ చేశా. “ఈ సంవత్సరం కొరివి కారం ఎప్పుడు పెడతన్నావు?”

“పెట్టి మూడేళ్లయింది కదరా.”

నాకు తెలీదు. మరి నాకు పంపుతున్న సీసాలు? “చిలకలూరిపేటలో కొని పంపుతన్నా. మీ నానమ్మ పోయింది, పక్కింటి అత్త కూతురు దగ్గరికి ఎళ్లిపోయింది. ఒక్కదాన్నే ఏం తొక్కను? ఇద్దరం ఏం తింటాం?”

మూడేళ్లుగా కొన్న పచ్చడి తింటూ, ‘మా అమ్మ చేసింది’ అని ఫ్రెండ్స్‌కి పంచుతున్నా. ఆ ఒక్క మాటకే సెలవు పెట్టేశా.

2025 శివరాత్రికి ఊరెళ్లా. జనం కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్తుంటే నేను బ్యాగులో డిజిటల్ కాటా, ఒక డబ్బా కిమ్చీ, మిగిలిన కొరియన్ కారం ప్యాకెట్ వేసుకుని ఇంటికి చేరా. నాన్న ఆ ప్యాకెట్ తిప్పి చూశాడు.

“ఎంతరా ఇది?”

కిలో లెక్కన వెయ్యి దాటుతుందని చెప్పా. నాన్న కాసేపు మాట్లాడలేదు. అది మిర్చి రైతులకి చెడ్డ ఏడాది. రేట్లు పడిపోయి, ఆ నెలలోనే కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలని మార్కెట్ జోక్యం ధర ప్రకటించింది. అంటే కిలో 118 కూడా కాదు. అంతకు మూడేళ్ల ముందు నల్ల తామర పురుగు వచ్చి పూత పూతంతా రాల్చేసి పోయింది. ఆ దెబ్బ నుంచి లేచేసరికి ఈ దెబ్బ. కల్లంలో పట్టాల మీద కాయలు ఎండుతున్నాయి. టిక్కీలకి ఎత్తి గుంటూరు యార్డుకి వెయ్యాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అని రోజూ ఇంట్లో అదే చర్చ.

“ఇంత రేటు ఎందుకంట?” అన్నాడు చివరికి.

“గింజ తీసేసి దంచుతారు నాన్నా. రంగు ఎక్కువ, కారం తక్కువ.”

“గింజ తీసిన కూలి ఎవరిస్తన్నారు?”

“కొనేవాళ్లే.”

“అదీ సంగతి” అని ప్యాకెట్ నా చేతిలో పెట్టి కల్లం వైపు వెళ్లిపోయాడు. నేను ఎన్నో ప్రెజెంటేషన్లు విన్నా కానీ మార్కెట్ గురించి ఇంత చిన్న ముక్కలో ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున చేలో నుంచి పండుకాయలు తెచ్చాం. కడిగి, గుడ్డతో తుడిచి, తడి లేకుండా నీడలో ఆరబెట్టి, అప్పుడు తొడిమలు తీశాం. తొడిమలు ముందే తీస్తే నీళ్లు లోపలికి పోతాయని అమ్మ ముందే హెచ్చరించింది. అత్తయ్యని, ఇద్దరు పిన్నుల్ని పిలిచింది. రోలు కడిగారు. నాకు రోకలి ఇచ్చారు. పది నిమిషాల్లో నా జిమ్ సభ్యత్వం మీద నాకే అనుమానం వచ్చింది.

ఉప్పు దగ్గర నేను కాటా తీశా. అందరూ ఒకటే నవ్వు. “చెయ్యి చెప్తదిరా” అంది అమ్మ. నేను వదల్లేదు. అమ్మ గుప్పిటతో తీసిన ఉప్పూ చింతపండూ రోట్లో వేసే ముందు నా గిన్నెలో వేయించుకుని తూచా. కిలో కాయలకి చింతపండు 250 గ్రాములు, ఉప్పు 220. రెండో వాయికి 246, 224. మూడో వాయి 252, 219. మా ఆఫీసులో టెస్టింగ్ టీమ్ ఇంత నిలకడ చూసుంటే నివాళులు అర్పించేది. సొన్‌మత్ అంటే మంత్రం కాదు. నలభై ఏళ్లు చేసిన చెయ్యి తనంతట తాను కాటా అయిపోవడం. రాసుకున్నా. ఫోన్‌లో వీడియో కూడా తీసుకున్నా. అందులో సగం సేపు అత్తయ్య ఎవరి పెళ్లి గురించో చెప్తున్న మాటలే ఉన్నాయి. కట్ చెయ్యలేదు.

మూడో రోజు జాడీ మూత తీసి మళ్లీ రుబ్బాం. వేడన్నంలో నెయ్యి వేసుకుని కలిపితే, లాక్‌డౌన్‌కి ముందు, ఆఫీసుకి ముందు, నానమ్మ ఉన్నప్పటి వంటగది మొత్తం ఒక్క ముద్దలో వచ్చింది. పేటలో కొన్న సీసాల్లో ఏం తక్కువైందో మూడేళ్లుగా నా నాలుక కనిపెట్టలేకపోయింది కదా, అదొక్కటే కొంచెం అవమానం.

అప్పుడు గుర్తొచ్చి నా కిమ్చీ డబ్బా తీశా. రెండు నెలలు మగ్గి బాగా పులిసింది. అమ్మ వాసన చూసి, చిన్న ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని ఆలోచించింది.

“పుల్లగా బానే ఉంది. పచ్చిగా ఉందేందిరా? తాలింపు ఎయ్యలా?”

“దానికి తాలింపు వెయ్యరమ్మా.”

నా మాట అయ్యేలోపే బాండీ పొయ్యి మీదుంది. నూనె, ఆవాలు, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు. చుయ్యిమంది. కొరియావాళ్లు చూస్తే ఏమనేవారో తెలీదు. పెనుకొండ పెద్దాయన మాత్రం నవ్వేవాడనుకుంటా.

నాన్న కల్లం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. కంచంలో ఒక పక్క కొరివి కారం, ఇంకో పక్క తాలింపు వేసిన కిమ్చీ. ఏది ఏమిటని అడగలేదు. రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

“ఆ క్యాబేజీది ఇంకొంచెం ఎయ్యి” అన్నాడు.